గేటు దాటిన ఈక

జనవరి 9

ఒసేయ్ గిన్నెకోడీ,

నేను ఫోను ఎత్తడం లేదని మీ బావకు ఫిర్యాదు చేశావట. ఎత్తను. ఫోనులో నువ్వు సగం వింటావు, మిగతా సగం ఊహించుకుంటావు, ఆ ఊహించుకున్న దాని మీద నాతో దెబ్బలాడతావు. నాన్న పోయినప్పుడు మనం ఫోనులో అనుకున్న మాటలు ఈ జన్మకు చాలు. కాగితం మీద రాసిన మాటైతే అనలేదని నువ్వూ బుకాయించలేవు, నేనూ బుకాయించలేను.

ఇక్కడి సంగతులకొస్తే, ముందువైపు షెడ్డు ఖాళీ. కోళ్ళ కంపెనీ వాళ్ళు ఈసారి మాకు పిల్లల్ని వేయలేదు. లారీ తిరగడానికి చోటు చాలదని వంక పెట్టారు. మీ బావ ఆ షెడ్డులో పాత టైర్లు, విరిగిన నిచ్చెన, తన కోపం అన్నీ పెట్టుకుంటున్నాడు. పుట్టిన దగ్గర్నుంచి కోళ్ళ గోల మధ్య బతికినదాన్ని, ఆ నిశ్శబ్దంలోకి వెళ్తే నాకు చెవుడొచ్చిందేమో అనిపిస్తోంది.

వెనక షెడ్డులో నాన్న కోళ్ళు మాత్రం రాజభోగంలో ఉన్నాయి. ముక్కు మీద తెల్లచుక్క ఉన్న పెట్టకు ముక్కుపుడక అని పేరు పెట్టింది నువ్వే, గుర్తుందా? దాని ఈడు కోళ్ళన్నీ కూరలో కలిసిపోయి ఎంత కాలమైందో. ఇది మాత్రం ఇంకా గుడ్డు పెడుతోంది, పెట్టి వచ్చి మీ బావ పిక్క పొడుస్తోంది. నాన్న ఏళ్ళ తరబడి ఏరుకుంటూ వచ్చింది దీనికోసమే కదా. ముసలితనంలోనూ గుడ్డు పెట్టే పెట్ట గుడ్లనే పొదగేసేవాడు, మిగతా వాటిని అమ్మేసేవాడు. ఆ బూడిద రంగు, ఆ నల్ల కాళ్ళు ఇంకెవరి దొడ్లోనూ లేవు. బయటి ఈక గేటు దాటకూడదని మన చేత కూడా చెప్పులు విప్పించి, కాళ్ళు కడిగించి లోపలికి పంపేవాడు. నాన్నది అంటూ నాకు మిగిలినవి అవే. అవి పోతే నాన్న రెండోసారి పోయినట్టే నాకు.

నువ్వు పట్టుకెళ్ళిన గుడ్లు పిల్లలై, పిల్లలు పెట్టలయ్యాయని రాశావు. ఎలా ఉన్నాయి? "నాన్న కోళ్ళు నాలుగు నా కళ్ళ ముందు తిరుగుతుంటే చాలు" అని ఆ రోజు ఏడ్చి మరీ పట్టుకెళ్ళావు. దాణా సరిగ్గా పెడుతున్నావా, లేక అవి కూడా నీలాగే టీ నీళ్ళ మీద బతుకుతున్నాయా?

ముక్కుపుడక రాల్చిన ఈక ఒకటి కవరులో పెడుతున్నాను. నీ లావుపాటి పుస్తకాల్లో దేంట్లోనైనా దాచుకో.

ఇంటి నుంచి,
అక్క


జనవరి 24

అక్కా,

ఈక చేరింది. పుస్తకంలో పెట్టుకున్నాను. నాన్న కోళ్ళు ఇక్కడ బాగున్నాయి, మేమంతా జాగ్రత్తగా చూసుకుంటున్నాం. నువ్వు దిగులు పెట్టుకోకు.

నేను ఏం పని చేస్తానో నువ్వెప్పుడూ అడగవు. అడగకపోయినా చెప్తాను. కోళ్ళకు కణుతులు పెట్టే వైరస్ ఒకటుంది. మారెక్స్ అంటారు. అది కోడి ఈకల మొదళ్ళ నుంచి రాలే దుమ్ములో ఉంటుంది. పక్క కోడి ఆ దుమ్ము పీలిస్తే లోపలికి పోతుంది. ఒంట్లో కాపలా కాసే కణాలు దాన్ని పట్టుకోవడానికి పరుగెత్తుకొస్తాయి. అది చేసే పనేమిటంటే, పట్టుకోవడానికి వచ్చిన కాపలా కణంలోనే దూరి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఒక రోజున ఆ కణమే అదుపు లేకుండా పెరగడం మొదలుపెడుతుంది. కణితి అంటే అదే అక్కా, బయటి నుంచి వచ్చింది కాదు, మన కాపలావాడే. కొన్ని కోళ్ళలో మాత్రం ఇంకో రకం కాపలా కణాలు ఉంటాయి, అవి చెడిపోయిన తోటి కణాన్ని గుర్తుపట్టి చంపేస్తాయి. అన్ని కోళ్ళలోనూ ఎందుకు చంపవు అన్నదే నా ఉద్యోగం. పొద్దున వచ్చి స్నానం చేసి, నీలం అంగీ వేసుకుని, రెండు తలుపులు దాటి వెళ్ళి, సాయంత్రం దాకా సూక్ష్మదర్శినిలో కళ్ళు పెట్టుకుని కూర్చోవడం. నాన్న కాళ్ళు కడిగిస్తే విసుక్కునేదాన్ని, ఇక్కడ తల కూడా కడుక్కుంటున్నాను.

అసలు సంగతి ఇది. మా టీకా పరీక్ష ఒకటి పూర్తయింది. పెట్టలన్నీ ఇప్పుడిప్పుడే గుడ్డుకు వస్తున్నాయి. పరీక్ష అయ్యాక వాటిని చంపెయ్యాలని నియమం. ప్రాణమున్నది ఏదీ ఇక్కడి నుంచి బయటికి పోకూడదు. నా వల్ల కాలేదు అక్కా. నేను వెళ్తే రెక్కలు కొట్టుకుంటూ నా దగ్గరికొస్తాయి. కోళ్ళ గది చూసుకునే ఆయనా నేనూ ఒక మాట అనుకున్నాం. సారు అడిగితే పని అయిపోయిందని చెప్తాం. నీ ముందు షెడ్డు ఖాళీగా ఉంది కదా, నీకు పంపుతాను. పుట్టిన రోజే టీకా పడినవి. ఎంత గట్టి పరీక్ష పెట్టినా ఒక్కటీ తూలలేదు. వాటికి ఏ జబ్బూ రాదు, నాదీ పూచీ.

ముందు షెడ్డులోనే ఉంచు. నాన్న కోళ్ళకు టీకాలన్నీ వేయించే ఉంటావు కదూ?

నీ చెల్లి


ఫిబ్రవరి 16

గిన్నెకోడీ,

నీ కోళ్ళు దిగాయి. వ్యాను తలుపు తీయగానే మీ బావ నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాడు. ఎర్రటి జుట్టులు, నున్నటి ఈకలు, పెళ్ళికి తయారైనట్టున్నాయి. అప్పుడే గుడ్లు మొదలుపెట్టాయి కూడా. టైర్లు, నిచ్చెన బయటికి పోయాయి. కోపం కూడా కాస్త తగ్గింది. పొద్దున్నే ఆ షెడ్డులో గోల వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. నువ్వు నాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. చిన్నప్పటి నుంచీ నిన్ను స్వార్థపరురాలివని తిట్టాను. అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఉంచుకో, పనికొస్తుంది.

కంపెనీ వేసే రోజు పిల్లలు తప్ప, బయట పెరిగిన కోడిని గేటు దాటించింది ఈ ఇంట్లో మొదటిసారి. నాన్న ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కానీ పంపింది ఆయన కూతురే, అదీ ఈ విద్యే చదివిన కూతురు. ఆయన నోరు నువ్వే మూయించేదానివి.

టీకాల సంగతి అడిగావు. అన్నీ వేయించాను. పశువుల డాక్టరు తన చేత్తోనే వేశాడు. కొక్కెర తెగులుకు కంట్లో చుక్కలు, మశూచికి రెక్కలో పొడుపు, ఏదీ వదల్లేదు.

వెనక షెడ్డులో ఈ వారం కొత్త పిల్లలు దిగాయి. నాన్న బుట్ట గుర్తుందా? ఎప్పుడు కొత్త పిల్లలు దిగినా, దొడ్లో అన్నిటికంటే దిట్టంగా ఉన్న కోళ్ళ కింద నుంచి ఒక బుట్టెడు పొట్టు తెచ్చి వాటి కింద పరిచేవాడు. పెద్దవాటి సత్తువ చిన్నవాటికి అంటాలనేవాడు. బుట్ట మోసేది నువ్వే, ముక్కు మూసుకుని. ఈసారి దిట్టమైనవి ఏవంటే నీ పెట్టలే. వాటి కింది పొట్టే ఒక బుట్టెడు తెచ్చి పరిచాను. పిల్లలు అందులో పొర్లుతుంటే నువ్వే వచ్చినట్టు అనిపించింది.

నాన్న కోళ్ళు నీ దగ్గర ఎలా ఉన్నాయో ఈసారైనా నాలుగు ముక్కలు ఎక్కువ రాయి. గుడ్లు ఎలా పెడుతున్నాయి?

ముద్దులు,
అక్క


మార్చి 5

అక్కా,

నీ ఉత్తరం బస్సులో కూర్చుని హడావుడిగా చదివాను, ఇది కూడా బస్సులోనే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే డ్రైవరును తిట్టు. పెట్టలు నచ్చాయని రాశావు, నాకు పెద్ద బరువు దిగింది. టీకాలన్నీ వేయించానని రాశావు, అది ఇంకా పెద్ద బరువు.

పోయిన వారం పెద్ద సభ జరిగింది. కాపలా కణాలు చెడిన కణాన్ని ఎలా గుర్తుపడతాయో నేనే మాట్లాడాను. మా పెద్ద సారు మామూలుగా ఎవరినీ మెచ్చుకోడు. ఆయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. తర్వాత భోజనాల దగ్గర నలుగురూ నా చుట్టూ చేరారు. నాన్న ఉంటే బాగుండేదని ఒక్క క్షణం ఏడుపొచ్చింది. కొత్త గదిలోకి మార్చారు నన్ను. కిటికీ కూడా ఉంది, తెరిస్తే అవతలి గోడ కనిపిస్తుంది.

నాన్న కోళ్ళు బాగున్నాయి. గుడ్లు పెడుతున్నాయి.

నా స్టాపు వచ్చింది. ఉంటాను.

చెల్లి


మార్చి 29

గిన్నెకోడీ,

నీ సభ సంగతి మీ బావకు చదివి వినిపించాను. చప్పట్లు కొట్టే దగ్గర ఆయన కూడా కొట్టాడు, చేతిలో గిన్నె ఉన్నా సరే.

ఒక చిన్న విషయం అడగాలి. కొత్త పిల్లల్లో ఒకటి నాలుగు రోజుల క్రితం పడిపోయింది. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాచి అలాగే ఉండిపోయింది. కళ్ళు చక్కగా తెరిచి చూస్తోంది, దాణా పెడితే తింటోంది, లేవదు. విటమిను తక్కువై ఉంటుందని నీళ్ళలో మందు కలిపాను. నిన్న ఇంకో మూడు అలాగే పడ్డాయి. ఇవాళ పొద్దున వెళ్తే లెక్క పెట్టలేదు, పెట్టాలనిపించలేదు. పెద్ద కోళ్ళలో ఒక పుంజుకు రెక్క వేలాడుతోంది. ముక్కుపుడక ఒక కన్ను బూడిద రంగుకు తిరిగింది.

నీ పెట్టలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాటికి ఏ జబ్బూ రాదన్నావు, నిజమే. ఇవి మనవి కాబట్టి సుకుమారమేమో. నువ్వు ఈ విద్యలో పండితురాలివి కదా, ఏం చేయాలో వెంటనే రాయి. ఆలస్యం చేయకు తల్లీ.

అక్క


ఏప్రిల్ 3

అక్కా,

పడిపోయిన వాటి రెక్కల నుంచి కొత్త ఈకలు, మొదలు మెత్తగా ఉన్నవి, నాలుగు పీకి కవరులో పెట్టి వెంటనే పంపు. ఒక్కోదాన్ని వేరే వేరే కాగితంలో చుట్టు. నేనే చూస్తాను, ఇక్కడ ఎవరికీ తెలియదు.

నీ ఫిబ్రవరి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. ముందు షెడ్డులోనే ఉంచమన్నాను కదా అక్కా. పొట్టు ఎందుకు కదిలించావు? ఆ పొట్టులో ఉన్నదంతా ఈకల దుమ్మే. టీకాలన్నీ వేయించానన్నావు. డాక్టరు వేసిన వాటిలో మారెక్స్ టీకా లేదు. అది గుడ్డులోంచి వచ్చిన రోజే మెడ మీద వేయాలి, దాన్ని గడ్డ కట్టించే సిలిండరులో దాస్తారు. పిల్లల్ని యంత్రాల్లో పొదిగించే పెద్ద కంపెనీల దగ్గరే ఉంటుంది. మన దొడ్లో కోడి కింద పొదిగిన పిల్లకు దాన్ని ఎవరూ వేయరు.

ఇంకో సంగతి నీకు ముందే చెప్పి ఉండాల్సింది. ఆ టీకా కణితిని ఆపుతుంది, వైరస్‌ను ఆపదు. టీకా పడిన కోడిలో కూడా వైరస్ ఉంటుంది. దానికేమీ కాదు, కానీ బతికినంత కాలం ఈకల నుంచి రాలుస్తూనే ఉంటుంది. నేను పంపిన పెట్టలు ఆ వైరస్ ఉన్న షెడ్డులో పెరిగాయి. పరీక్ష అంటే అదే. నీ కోళ్ళకు టీకా ఉందనుకున్నాను కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఆ పెట్టలు నా దగ్గర నుంచి వచ్చాయని డాక్టరుతో గానీ, ఇంకెవరితో గానీ అనకు. నా ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో ఆగదు కూడా.

చెల్లి


ఏప్రిల్ 8

ఈకలు ఇందులో ఉన్నాయి. కాగితాల మీద ఏ కోడిదో రాశాను. పిల్లలు దాదాపు అన్నీ పోయాయి.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

అదే. మారెక్స్.

జనవరిలో నువ్వు పంపిన ముక్కుపుడక ఈక మొదలు కూడా కత్తిరించి చూశాను. అందులో వైరస్ లేదు. నీకు చెప్పకుండా ఉండొచ్చు, కానీ చెప్తున్నాను. నాన్న కోళ్ళు అప్పటికి శుభ్రంగానే ఉన్నాయి.

దీనికి మందు లేదు. పడిన వాటిని వేరు చెయ్యి, చచ్చిన వాటిని లోతుగా పూడ్చి సున్నం చల్లు. ముందు షెడ్డులోకి వెళ్ళిన బట్టలతో వెనక షెడ్డులోకి వెళ్ళకు. కొన్ని నిలబడతాయి అక్కా, ప్రతి మందలోనూ కొన్ని నిలబడతాయి. నన్ను తిట్టాలనుంటే తిట్టు, కానీ ఉత్తరం రాయి.

చెల్లి


మే 2

చెల్లికి,

తిట్టమన్నావు కాబట్టి కూర్చున్నాను. మామూలుగా నీకు రాయాలంటే నవ్వొచ్చేది, ఇవాళ రావడం లేదు.

పొట్టు ఎందుకు కదిలించావని అడిగావు. నాన్న బుట్ట సంగతి నీకు రాశాను. దాచలేదు, ఉత్తరం మధ్యలో అంత వివరంగా రాశాను. నువ్వు జవాబు కూడా ఇచ్చావు. ఆ జవాబులో చప్పట్లు కొట్టినవాళ్ళు ఉన్నారు, భోజనాలున్నాయి, కిటికీ ఉంది. బుట్ట లేదు. "ఆ పొట్టు వెంటనే తీసెయ్" అని ఆ బస్సులోనే ఒక్క ముక్క రాసి ఉంటే, పెద్దవైనా దక్కేవేమో. ఆ బుట్ట మోసిన దానివి నువ్వే. మన దొడ్లో పిల్లలు యంత్రంలో పుట్టవని నీకు తెలియదా? వాటిని ఒళ్ళో వేసుకుని పెరిగావు. కణాల లోపల ఏం జరుగుతోందో చూసే కళ్ళు నీకున్నాయి. ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

తప్పు నాది కూడా. నేను గేటు తీశాను. నువ్వు పంపావంటే తీశాను.

మీ బావ రోజూ గొయ్యి తవ్వుతున్నాడు. దొడ్డి వెనక నేలంతా తిరగేసినట్టుంది. పిల్లలు ముందు పోయాయి. పెద్దవి ఒక్కొక్కటే చిక్కిపోయి, జుట్టు పాలిపోయి, మూల చేరి పోతున్నాయి. ముక్కుపుడక మొన్న పోయింది. చివరి రోజు కూడా మీ బావ పిక్క పొడవబోయింది, కన్ను కనిపించక గోడను పొడిచింది. ఆయన పక్కకు తిరిగి ఏడ్చాడు. నేను దాన్ని కోసి చూశాను. కార్జం కడుపులో పట్టనంత పెరిగి ఉంది, నిండా తెల్లటి గడ్డలు. నువ్వు రాసిన కాపలావాళ్ళు ఇవేనా అనుకున్నాను. మూసేసి పాతిపెట్టాను.

నీ ఏప్రిల్ ఉత్తరంలో మరిచిపోకు అని రాసింది ఒక్క విషయాన్నే. నీ పేరు బయటికి రాకూడదని. నాన్న కోళ్ళలో ఎన్ని పోయాయి, ఎన్ని ఉన్నాయి అని ఒక్కసారైనా అడగలేదు. నువ్వూ నీ టీకా పడిన పెట్టల లాంటిదానివే. నీకేమీ కాదు.

ఇక అడగాల్సింది ఒక్కటే ఉంది, కోపమంతా పక్కన పెట్టి అడుగుతున్నాను. నీ దగ్గర నాన్న కోళ్ళున్నాయి. బాగున్నాయని, గుడ్లు పెడుతున్నాయని రాశావు. వాటిని తెచ్చి ఇవ్వు. కోళ్ళు కాకపోతే గుడ్లు ఇవ్వు. ఈ షెడ్డు నిప్పు పెట్టి కాల్చేసి, ఇంకో చోట కొత్త షెడ్డు వేసి పెంచుకుంటాను. అవి ఉంటే నాన్న మళ్ళీ మొదలవుతాడు. ఇది ఇస్తే నిన్ను ఏమీ అనను. జన్మలో ఎత్తను ఈ మాట.

అక్క


మే 21

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు రాసి చించేశాను.

నాన్న కోళ్ళను కళ్ళ ముందు తిప్పుకోవడానికే తెచ్చాను. నమ్ము. మొదట్లో మా క్వార్టరు వెనకే ఉండేవి. పెద్ద సారు ఒక రోజు చూశారు. బయటి రక్తం కలవని జాతి అని తెలిసేసరికి ఆయన కళ్ళు మెరిశాయి. అలాంటివి దొరకవు అక్కా. అడిగారు. కాదనలేకపోయాను. నాన్న పోయిన ఏడాదే, చలికాలంలో వాటికి వైరస్ ఇచ్చాం. బాగున్నాయని నేను రాసినప్పుడల్లా, కొన్ని నిజంగానే బాగున్నాయి.

సగానికి పైగా పోయాయి. మిగిలినవి నిలబడ్డాయి. నిలబడడమంటే మామూలుగా కాదు, టీకా లేకుండా నిలబడ్డాయి. వాటి కాపలా కణాలు చెడిన కణాన్ని ఎంత తొందరగా గుర్తుపట్టి చంపుతున్నాయో చూస్తే నాకే ఆశ్చర్యం. నేను ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది మన దొడ్లోనే ఉంది. కానీ వాటిని పంపలేను. ప్రాణమున్నది ఏదీ ఇక్కడి నుంచి బయటికి పోదు. గుడ్లు కూడా పోవు. పరీక్ష చివర వాటిని కోసి, కాపలా కణాలుండే ప్లీహం తీసుకుంటాం. కణాలు మాత్రం చలిలో ఎప్పటికీ బతికే ఉంటాయి. ఒక విధంగా నాన్న కోళ్ళు ఉన్నట్టే కదా.

అందుకే అడుగుతున్నాను. నీ దగ్గర నిలబడినవి ఎన్ని? వాటి ఈకలు కావాలి, వీలైతే రక్తం కావాలి. రెండు చోట్లా ఒకే ఫలితం వస్తే, ఈ జాతికి నాన్న పేరు పెట్టిస్తాను. సారు ఒప్పుకున్నారు. లోకమంతా తెలుస్తుంది.

చెల్లి


జూన్ 30

అక్కా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. బావ కూడా ఫోను ఎత్తడం లేదు. పశువుల శాఖ వాళ్ళు మీ వైపు తిరుగుతున్నారని ఇక్కడ విన్నాను. నువ్వేం చెప్పావో తెలియక నాకు నిద్ర పట్టడం లేదు. సెలవు పెట్టాను. వచ్చే నెల మొదట్లో వస్తాను. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. కనీసం నాలుగు ఈకలు తీసి ఉంచు.

చెల్లి


జూలై 6

నీకు,

డాక్టరు వచ్చాడు, ఆయనతో శాఖ వాళ్ళు ఇద్దరు వచ్చారు. పెట్టలు ఎక్కడివని అడిగారు. సంతలో ఎవరో ముక్కూ మొహం తెలియని వ్యాపారి దగ్గర కొన్నానని చెప్పాను. ఇంత అనుభవముండి ఇంత నిర్లక్ష్యమా అని డాక్టరు నా మొహం మీదే అన్నాడు. నాన్నను కూడా ఎరిగినవాడు, నాన్న పేరు తీసి మరీ అన్నాడు. తల వంచుకుని విన్నాను. నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, నిద్రపో.

ముందు షెడ్డులో నీ పెట్టలు పోయిన వారం దాకా గుడ్లు పెడుతూనే ఉన్నాయి. నిగనిగలాడుతూ ఉన్నాయి. నేను వెళ్తే రెక్కలు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చేవి, నువ్వు రాసినట్టే. అవి ఉన్నంత కాలం ఆ దుమ్ము రాలుతూనే ఉంటుంది. అందుకని ఒక పొద్దున మొదలుపెట్టి, నేను పట్టుకుంటే మీ బావ కోశాడు, ఆయన చేతులు పడిపోతే నేను కోశాను. ఒక్కదాని ఒంట్లోనూ చిన్న గడ్డ కూడా లేదు. అన్నిటినీ పూడ్చాం. నీకు చేతులు రాలేదని నాకు పంపావు కదా, ఆ పని నేను చేశాను. చంపేవేళ మెడ దగ్గర వెచ్చగా ఉంటుంది. నీకు తెలుసో లేదో.

పొట్టంతా కాల్చాను. నాన్న బుట్ట కూడా అందులోనే వేశాను.

నాన్న కోళ్ళలో ఎన్ని నిలబడ్డాయని అడిగావు, చివరికి. నాలుగు పెట్టలు, ఒక పుంజు. ఒక పెట్ట పొదుగుతోంది. పుట్టేవాటిలో ఎన్ని బతుకుతాయో నాకు తెలియదు. నీకు తెలుసేమో, చెప్పకు. జాతికి నాన్న పేరు పెట్టిస్తానన్నావు. ఆయన పేరు ఆయన కోళ్ళకు తెలియదు, లోకానికి తెలిసి ఏం చేస్తుంది? చలిలో దాచిన కణాలను నాన్న కోళ్ళని నువ్వు అనుకో. నేను మాత్రం దాణా తిని, పిక్క పొడిచేదాన్నే కోడి అంటాను.

రావొద్దు. కోపంతో అనడం లేదు, కోపం అయిపోయింది. నువ్వు రోజూ ఆ దుమ్ములో తిరుగుతావు. ఎంత తల కడుక్కున్నా నాకు నమ్మకం లేదు. నీ జుట్టులోనో, చెప్పుల్లోనో, పుస్తకంలోనో ఏదో ఒకటి వస్తుంది. బయటి ఈక గేటు దాటకూడదని నాన్న ఊరికే అనలేదు. ఆ గేటు అవతలి వైపు నువ్వుంటావని ఆయన అనుకుని ఉండడు, నేనూ అనుకోలేదు. నువ్వు ఆ ఉద్యోగం చేసినంత కాలం ఈ దొడ్లో అడుగు పెట్టకు. మానేశాక కూడా ముందు ఉత్తరం రాసి అడుగు.

కవరు దులపకు. ఇందులో ఈక లేదు.

అక్క